సిందూరం అంటిన వాంగ్మూలం

"చెయ్యి చూపియ్యమ్మా," అన్నాడు ప్రసన్నకుమార్. "అది కాదు, కుడి చెయ్యి."

పోశవ్వ కొంగుకు చెయ్యి తుడుచుకుని ముందుకు చాపింది. ఉంగరపు వేలి కొసన ఎర్రగా ఉంది. పొద్దున బొట్టు పెట్టుకున్న వేలు అది. మెట్లు ఊడ్చి, బల్లలు తుడిచి, కుండలో నీళ్లు నింపినా ఆ ఎరుపు పూర్తిగా పోలేదు.

"చూసిన్రా సార్?" ప్రసన్నకుమార్ రాజమల్లు వైపు తిరిగాడు. "ఫోటోల మచ్చ, గీమె ఏలు. ఇంకేం గావాలె మీకు?"

రాజమల్లు చూశాడు. చేతి గడియారం వైపు చూపు మళ్లించాడు. పదకొండుకు పది నిమిషాలు. శుక్రవారం. రాహుకాలం మొదలై ఇరవై నిమిషాలైంది.

నాంపల్లిలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో అద్దెకు తీసుకున్న రెండు గదులు అవి. ఒక పార్టీ రాష్ట్ర అధ్యక్షుడైన పరశురాం మీద విచారణకు ప్రభుత్వం వేసిన కమిషన్ అక్కడ పనిచేస్తున్నది. ఏడాది కింద పరశురాం పెట్టిన సభలో తొక్కిసలాట జరిగి ముగ్గురు చనిపోయారు. ఉపన్యాసం మధ్యలో జనం లేచి పోతుంటే గేట్లు మూయమన్నది ఎవరు? కమిషన్ తేల్చవలసింది అంతే. కానీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ జనం రెండుగా చీలిపోయారు. ఎలక్షన్ల ముందు సర్కారు ఆడుతున్న ఆట ఇది అని పరశురాం మనుషులు. కుర్చీ దిగి మాట్లాడమని అవతలివాళ్లు. అతని సొంత పార్టీలోనే సగంమందికి ఆ కుర్చీ ఖాళీ అయితే బాగుండునని లోపల్లోపల ఆశ. పోయిన ముగ్గురి పేర్లు మాత్రం ఏ పక్షం నోటా వినబడడం లేదు. రాజమల్లు రోజూ పొద్దున పూజలో ఆ మూడు పేర్లూ ఒకసారి అనుకునేవాడు.

రాజమల్లు సీఐడీలో ఇన్స్‌పెక్టర్‌గా రిటైరైనవాడు. సాక్షుల దగ్గరికి పోయి వాంగ్మూలాలు తీసుకురావడానికి జడ్జిగారు ఆయన్నే పిలిపించుకున్నారు. ప్రసన్నకుమార్ ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన సబ్ ఇన్స్‌పెక్టర్. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. ఇప్పుడు పరశురాం పార్టీ వకీళ్ల తరఫున వచ్చాడు. లీకు ఎక్కడ జరిగిందో రెండు పక్షాలవాళ్లూ ఒకచోట కూర్చుని చూడమని జడ్జిగారు ఒక్క పూట అనుమతి ఇచ్చారు.

లీకైనది శశికళ వాంగ్మూలం. పార్టీ ఆఫీసులో పరశురాంకు వచ్చే ఫోన్లు చూసుకునే అమ్మాయి ఆమె. సభ రోజున వేదిక ఎక్కేముందు అతను గేటు దగ్గరివాళ్లతో మాట్లాడుతుంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పట్టుకున్నది ఆమే. 'నేను మాట్లాడుడు అయిపోయేదాక గేటు తియ్యొద్దు' అన్న మాట తన చెవులతో విన్నానని సొంత దస్తూరీతో రెండు పేజీలు రాసి ఇచ్చింది. గురువారం తెల్లవారి ఆరూ ఇరవైకి ఆ రెండు పేజీలూ ఫోన్లలో తిరిగాయి. పది గంటలకు సుల్తాన్ బజార్‌లో ఆమె ఇంటి కిటికీల మీద రాళ్లు పడ్డాయి.

"టిమోతి గారూ, ఆ కంప్లైంటు టైపు జేపియ్యున్రి," అన్నాడు ప్రసన్నకుమార్. "అటెండర్ పోశవ్వ మీద అనుమానం అని. నేను సాక్షి సంతకం పెడ్త."

కమిషన్ కార్యదర్శి టిమోతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మెదక్ మనిషి, తొందరపడి మాట్లాడడు. "మీ పార్టీకి కావలసింది అదే కదా. కమిషన్ ఆఫీసే కాగితాలు బయటికి ఇచ్చిందని సాయంత్రం టీవీలో చెప్పుకోవచ్చు. ఇంక విచారణే చెల్లదనొచ్చు."

"చెల్లుతదా మరి? సీల్డ్ కవర్ల ఉండాల్సిన కాయితం పాన్ డబ్బా కాడ సదువుతున్రు!"

"మొదట వచ్చింది మీ పార్టీ గ్రూపులోనే. ఆ నంబర్ ఎవరిదో చెప్పండి."

"కొత్త సిమ్ము. ఎవరో కావాలని మా గ్రూపుల పడేసిన్రు, మా మీదికి తోయనీకి. గది మీకు తెల్వదా?"

"మీ అధ్యక్షుడు రెండు నిమిషాలు గేటు తియ్యనిచ్చి ఉంటే మనమందరం ఇక్కడ కూర్చునే పనే ఉండేది కాదు."

"అది ఇంకా తేలలే! తేలకముందే మీరు తీర్పు జెప్పిన్రు. సూడున్రి సార్, గిదీ వీళ్ల విచారణ!"

పోశవ్వ చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. దించుకోమని ఎవరూ చెప్పలేదు.

"చెయ్యి దించు పోశవ్వా," అన్నాడు రాజమల్లు.

అంతకు మించి ఒక మాట చెప్పవలసి ఉంది. చెప్పలేకపోయాడు. ఎందుకంటే ఆ ఫోటోలో మచ్చ ఎవరిదో ఆయనకు తెలుసు. అది తనదే.

ఏ ముఖ్యమైన కాగితం ఇంటికి వచ్చినా పూజగదిలో ఆంజనేయస్వామి పటం ముందు పెట్టి, మూలకు ఒక చుక్క సిందూరం అద్ది, తెల్లవారి దీపం పెట్టాక తీసుకుపోవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. చార్జిషీట్లు, కూతురి మార్కుల కాగితాలు, సొంత పెన్షన్ అర్జీ, అన్నీ ఆ పటం ముందు నుంచే బయటికి నడిచాయి. శశికళ వాంగ్మూలానికీ మొదటి పేజీ ఎడమ మూలకు అలాగే అద్దాడు. కాబట్టి ఫోటో ఎవరు తీసినా ఆ మచ్చ అందులో పడుతుంది. పోశవ్వ వేలికీ దానికీ సంబంధం లేదు. ఆ మాట చెబితే ఆమె మీద నింద సగం తొలగిపోతుంది.

కానీ కమిషన్ కాగితానికి సిందూరం పెట్టానని ఈ ప్రసన్నకుమార్ ముందు ఎట్లా చెప్పడం? సాయంత్రానికి రెండు పక్షాలవాళ్లూ కూర్చుని నవ్వుతారు. జడ్జిగారి ముఖం చూడలేడు. ముందు అసలు మనిషి దొరకనీ, తరవాత మెల్లగా చెప్పవచ్చులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. పోశవ్వ ఆయన వైపే చూస్తున్నది. ఆ చూపును దాటుకుని ఆయన బీరువా దగ్గరికి పోయాడు.

ఇనుప బీరువా. తాళం చుట్టూ గీతలు లేవు. పిడి దగ్గర రంగు చెదరలేదు. తాళంచెవులు రెండు, ఒకటి జడ్జిగారి దగ్గర, ఒకటి టిమోతి దగ్గర. వెనక కిటికీ రెక్కలకు వేసిన రంగు అతుక్కుపోయి ఉంది. గడియ మీద సాలెగూడు తెగలేదు. బీరువా పక్కన పోశవ్వ కూర్చునే బల్ల. దాని మీద పంచింగ్ మిషన్, ఆకుపచ్చ ట్యాగుల కట్ట, గోందు సీసా. గోడ మీద మిఠాయి దుకాణం వాళ్ల క్యాలెండర్, లక్ష్మీదేవి బొమ్మతో, కాస్త వంకరగా ఉంది. రాజమల్లు దాన్ని సరిచేసి ముందుకు జరిగాడు. వంగి నేల చూశాడు. ఎర్ర సిమెంటు గచ్చు. పక్క గదిలోనూ అదే.

"ప్రసన్నా, నీ ఫోటో ఒకసారి ఇయ్యి."

టీవీల్లో చూపించిన ఫోటోలకు అంచులు కత్తిరించి ఉన్నాయి. ప్రసన్నకుమార్ తెచ్చింది గ్రూపులో మొదట పడ్డ అసలు ఫోటో, పెద్దగా ప్రింటు తీయించినది. మొదటి పేజీ నాలుగు మూలలూ కనబడుతున్నాయి. ఎడమ మూల మీద నారింజ ఎరుపులో గుండ్రటి మచ్చ. కాగితం కింద బూడిదరంగు నేల.

"ఇది షాబాద్ బండ," అన్నాడు రాజమల్లు. "ఈ రెండు గదుల్లో ఎక్కడా షాబాద్ బండ లేదు. ఫోటో ఇక్కడ తీయలేదు."

ప్రసన్నకుమార్ వెంటనే సర్దుకున్నాడు. "అయితే ఇంటికి తీస్కపోయింది. టిమోతి గారు చాయ్‌కి పోయినప్పుడు తాళంచెవి సొరుగులనే ఉంటది. బుధవారం సాయంత్రం కొంగుల పెట్టుకొని పోయింది, తెల్లారి తెచ్చి పెట్టింది."

"మా ఇంట్ల బండలు యాడియి సారూ?" అన్నది పోశవ్వ. గది ఊడ్చేటప్పుడు పక్కకు జరగమన్నంత మామూలుగా అన్నది. "రేకుల ఇల్లు. నిరుడు గచ్చు జేపిచ్చినం, గది గూడ సగమే."

"పక్కింట్ల ఉండయా?"

"ఉంటయి. పక్కింటామె నన్ను గడప దొక్కనియ్యదు. కోడి తగాద."

టిమోతికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. ప్రసన్నకుమార్‌కు రాలేదు.

"గంటలు చెప్పుకుందాం," అన్నాడు రాజమల్లు. "టిమోతి గారూ, మీరు చెప్పండి."

టిమోతి రిజిస్టర్ తెరిచాడు. "బుధవారం పొద్దున తొమ్మిదీ యాభై అయిదుకు మీరు తెచ్చి ఇచ్చారు. పదీ పావుకు నంబర్ వేశాను, పోశవ్వ ట్యాగు కట్టింది. పదకొండున్నరకు జడ్జిగారు చదివారు. పన్నెండుకు పది నిమిషాల ముందు కవర్లో పెట్టి లక్క ముద్ర వేసి బీరువాలో పెట్టాను. ముద్ర ఇవ్వాళ పొద్దున మీ ఎదుటే చూశాం, ఎవరూ కదిలించలేదు."

"అంటే పదీ పావు నుంచి పదకొండూ యాభై. గంటన్నర," అన్నాడు ప్రసన్నకుమార్. "ఆ గంటన్నరల కాయితం పక్కన ఉన్నదెవరు? గీమెనే. సరే, ఇంటికి పోలే. ఇక్కడ్నే ఏదన్న బండ ముక్క మీద పెట్టి కొట్టింది. గా మెట్ల కింద లేదా బండ?"

"మెట్ల కింద చీకటి. ఫోటోలో ఎండ లేదు, దీపం వెలుగు ఉంది, పసుపుపచ్చగా," అన్నాడు రాజమల్లు. అనేశాక ఆ మాట తన చెవికే కొత్తగా వినబడింది. దీపం వెలుగు. దాన్ని పట్టుకుని ముందుకు పోవలసిన మనసు అక్కడే ఎందుకో ఆగింది.

"సార్, నేను ఒకటి అడగనా?" ప్రసన్నకుమార్ కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు. గొంతులో పాత శిష్యుడి మర్యాద ఉంది, కింద కత్తి అంచు ఉంది. "మంగళవారం సాయంత్రం అయిదూ నలభైకి మీరు ఆమె దగ్గర కాయితం తీసుకున్రు. ఆఫీసు అయిదుకే బందు. బుధవారం పొద్దున దాక ఎక్కడున్నది?"

"నా దగ్గర."

"మీ దగ్గర అంటే?"

"నా చేయి దాటలేదు. రిపోర్టులో రాసిన. చదువుకో."

"సదివిన. మీరు రాసిన్రంటే నేను రెండోసారి అడగ. సర్వీసుల ఉన్నప్పుడు గూడ అడగలే." ప్రసన్నకుమార్ లేచాడు. "అందుకే అంటున్న, గీమెనే. టిమోతి గారూ, కంప్లైంట్."

ఆ నమ్మకం రాజమల్లుకు చెంపదెబ్బలా తగిలింది. ఎదుటి పక్షంవాడు కూడా తన మాటను ప్రమాణంగా తీసుకున్నాడు. ఆ ప్రమాణం బరువంతా ఇప్పుడు పోశవ్వ నెత్తిన పడుతున్నది.

టిమోతి తెల్ల కాగితం తీశాడు. కలం మూత తీయడానికి ఆయన చెయ్యి రాలేదు. "పోశవ్వా, చెప్పుకునేది ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. ఇది పోలీసుల దగ్గరికి పోతే నీ ఉద్యోగం పోతుంది. నేను ఆపలేను."

పోశవ్వ రాజమల్లు వైపు చూసింది. ఆయన ఏదైనా అంటాడేమోనని ఎదురుచూసినట్టుంది. తరవాత కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"గా ఫోటు ఒక్కపారి సూపియ్యున్రి."

ప్రసన్నకుమార్ ఇచ్చాడు. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుంది. టిమోతి తిప్పి సరిగ్గా పెట్టాడు. అక్షరాల వైపు ఆమె చూడనే లేదు. ఎడమ మూల మీద వేలు పెట్టింది.

"గిది నా చేతిలకు వచ్చినంక తీసింది కాదు."

"ఎట్ల చెప్తవ్?"

"నాకు సదువు రాదు సారూ. కాయితాలకు పొక్క కొట్టుడు, దారం గట్టుడు నా పని. గీడికి వచ్చిన ప్రతి కాయితానికి ఎడమ దిక్కు మూలకు పొక్క గొడ్త. గీ ఫోటుల పొక్క లేదు."

ప్రసన్నకుమార్ ఫోటో లాక్కుని కిటికీ వెలుతురు దగ్గరికి పోయాడు. మచ్చ నిండుగా, గుండ్రంగా ఉంది. ఎక్కడా రంధ్రం లేదు.

"ఇంకోటి," అన్నది పోశవ్వ. ఇప్పుడు ఆమె గొంతు తగ్గింది. "నాది కుంకుమ సారూ. గది సెందూరం. హనుమాండ్లది. ఎరుపుల ఎరుపు ఒక్కతీరు ఉంటదా?"

ఆమె గోడ దగ్గరికి పోయి, రాజమల్లు కాసేపటి కింద సరిచేసిన క్యాలెండర్‌ను పైకెత్తి, వెనక నుంచి చిన్న కాగితం మడత తీసింది. బల్ల మీద పెట్టి విప్పింది. లోపల పప్పుగింజంత గుండ్రటి కాగితపు బిళ్ల ఉంది. సిందూరం రంగులో ఉంది.

"ఆ దినం పొక్క గొడదామని సూస్తే సరిగ్గ పొక్క పడే జాగలనే దేవుని బొట్టున్నది. పొక్క జరిపి గొడితే దారం పడదు. మొక్కి, కండ్లకద్దుకొని గొట్టిన. బిళ్ల కింద పడితే ఎవలన్న తొక్కుతరని దాసిపెట్టిన. గీ బిళ్ల మూలకు ఉన్నప్పుడే ఫోటు దీసిన్రు."

టిమోతి జేబులోంచి తాళంచెవి తీశాడు. జడ్జిగారికి ఫోన్ చేసి అడిగి, అందరి ఎదుటా ముద్ర పగలగొట్టి కాగితాలు బయటికి తీశాడు. ఆకుపచ్చ ట్యాగు సడలించాడు. రంధ్రం చుట్టూ సన్నగా నారింజ రంగు ఉంగరంలా మిగిలి ఉంది. పోశవ్వ బిళ్లను దాని మీద పెడితే అతికినట్టు సరిపోయింది.

"పదీ పావుకు ముందు," అన్నాడు ప్రసన్నకుమార్ మెల్లగా. "పదీ పావుకు ముందే తీసిన్రు."

ఇక తిరిగి అడగవలసిన అవసరం లేదు. అందరూ రాజమల్లు వైపు తిరిగారు. పోశవ్వ ఒక్కతే తిరగలేదు. ఆమె ఫోటోను బల్ల మీద బోర్లా పెడుతున్నది, ఎవరి ముఖమో కప్పుతున్నట్టు.

"నీకు తెలుసా పోశవ్వా?" అన్నాడు రాజమల్లు. "ఆ సిందూరం ఎవరు పెట్టారో?"

"మీరు తెచ్చే ప్రతి కాయితానికి ఉంటది గద సారూ."

"మరి ఇంతసేపు ఎందుకు చెప్పలేదు?"

"మీరు జెప్తరనుకున్న," అన్నది ఆమె. "పెద్దమనిషి పేరు నేనెట్ల దీస్త?"

పన్నెండు వేల జీతం మనిషి రాజమల్లు పరువు కాపాడడానికి చెయ్యి చాపి నిలబడింది. ఆయన అదే పరువు కోసం ఆమెను నిలబెట్టాడు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎంతమందిని ప్రశ్నించాడో లెక్కలేదు. వాళ్లలో ఎంతమంది ఇట్లా చూసి ఉంటారు, తాను గడియారం వైపు చూపు తిప్పుకున్నప్పుడు?

"ప్రసన్నా, ఆ సిందూరం నేను పెట్టిన," అన్నాడు. "మంగళవారం రాత్రి కాగితం మా పూజగదిలో ఉంది. మా ఇంట్లో నేల షాబాద్ బండలే."

ప్రసన్నకుమార్ వెంటనే గెలుపు మాట ఒకటి అంటాడని రాజమల్లు అనుకున్నాడు. అనలేదు. అతను రిపోర్టు తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "సాక్ష్యం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో గంటగంటకు రాయాలె అని నాకు నేర్పింది మీరే. 'నా చేయి దాటలేదు' అని రాసిన్రు. గిది అబద్ధమా సార్?"

"అబద్ధమనుకోలేదు."

"పూజగదిల పెట్టి మీరు పండుకున్రు. చేయి దాటినట్టు కాదా?"

దేవుడి దగ్గర పెట్టింది చేయి దాటినట్టు ఎట్లా అవుతుంది? ఇన్నేళ్లూ రాజమల్లు లెక్క అదే. బీరువాకు తాళం ఉంటుంది, పటానికి తాళం ఎందుకు? ఆ గంటలు ఆయన మనసులో ఎన్నడూ గంటలుగా లేవు. స్వామీ, నీ మీద నమ్మకంతోనే పెట్టానా, కాపలా కాసే పని నీ మీదికి తోసేసి నిశ్చింతగా నిద్రపోవడానికి పెట్టానా? ఆ ప్రశ్న ఆయన అంతకుముందు ఒక్కసారి కూడా వేసుకోలేదు.

"ఆ సాయంత్రం ఇంట్ల ఎవరెవరున్నరు?" ప్రసన్నకుమార్ ఇప్పుడు పక్షం మనిషిలా అడగడం లేదు, పోలీసులా అడుగుతున్నాడు.

"నేను, మా ఇంటావిడ నర్మద. ఆమె తమ్ముడు భోజనానికి వచ్చాడు. సురేందర్."

పేరు బయటికి వచ్చాక గాని దాని అర్థం ఆయనకు తట్టలేదు. మంగళవారం ఎనిమిది గంటలకు ముగ్గురూ భోంచేశారు. పరశురాం పేరు వినబడగానే సురేందర్ ముద్ద కంచంలో పెట్టేశాడు. 'మా అన్న మీద కక్షగట్టిన్రు బావా. ఆ కమిషన్ల మీరు గూడ ఉన్నరంటే నాకు బస్తీల తల ఎత్తుకోనీకి లేదు,' అన్నాడు. 'ముగ్గురు సచ్చిన్రురా. ఆళ్లకు అక్కలు లేరా, తమ్ముళ్లు లేరా?' అన్నది నర్మద. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ గొంతులు పెంచారు. రాజమల్లు మధ్యలో పడలేదు. ఇంట్లో రాజకీయాలు వద్దని కంచం తీసి లేచాడు. సురేందర్ చేతులు కడుక్కుని, కోపం తగ్గించుకోవడానికన్నట్టు, దేవుడికి మొక్కి వస్తానని పూజగదిలోకి పోయాడు. మంచిదే కదా అనుకున్నాడు తాను.

"మా పార్టీల బస్తీ యూత్ సురేందరా?" ప్రసన్నకుమార్ నుదురు చిట్లించాడు. "చిరాగ్ అలీ గల్లీల అక్క ఉన్నదని చెప్తుంటడు. ఆ అక్క మీ ఇంటామెనా?" తరవాత నెమ్మదిగా అన్నాడు. "సార్, మావోడే. మా వకీళ్లు నన్ను గీడికి పంపుడేంది, మావోడే గీ పని జేసుడేంది. సిగ్గు మీ ఒక్కరిదే గాదు."

రాజమల్లు ఆ మాట వినలేదు. ఆయన చెయ్యి చొక్కా జేబు తడుముతున్నది. అక్కడ ఉండవలసిన కాగితం అక్కడ లేదు.

నిన్న రాళ్లు పడ్డాక శశికళను ఆయనే సుల్తాన్ బజార్ నుంచి తీసుకుపోయి గౌలిగూడలో ఒక తెలిసినవాళ్ల మేడ గదిలో ఉంచాడు. ఎక్కడ ఉన్నదో టిమోతికి చెప్పలేదు, జడ్జిగారికీ చెప్పలేదు. ఆమెకు పోలీసు కాపలా కావాలని అర్జీ రాసి, అందులో ఆ గది చిరునామా వేశాడు. ఆ చిరునామా కాగితం మీదికి ఎక్కింది ఆ ఒక్కచోటే. ఇవ్వాళ కోర్టులో వేయవలసిన అర్జీ అది. శుక్రవారం, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఒక ఆడపిల్ల ప్రాణానికి సంబంధించిన కాగితం ఆ వేళ దాటేదాకా దేవుడి ముందు నుంచి కదిలించకూడదనుకున్నాడు. పన్నెండు దాటాక వచ్చి తీసుకుపోతానని చెప్పి బయలుదేరాడు.

ఆంజనేయస్వామి పటం ముందు పెట్టి బయలుదేరాడు.

గడియారం పదకొండూ నలభై. ఇంటికి ఫోన్ కలిపాడు.

"నర్మదా, పూజగదిలో కాగితం ఉందా?"

"ఉన్నది, ఏడికి పోతది? పన్నెండు గాలే గదా, నేను ముట్టలే."

"సురేందర్ వచ్చిండా?"

"ఔ, వచ్చి పోయిండు. మీరెట్ల జెప్తున్నరు? పదిన్నరకు వచ్చిండు. మొన్న మాట మాట అనుకున్నం గదా, మంచిగ మాట్లాడిండు పాపం. దేవునికి మొక్కిండు. పటం మస్తు ముస్తాబు జేసినవక్కా అని ఫోన్ల ఫోటో గొట్టుకున్నడు. మొన్న మంగళారం గూడ కొట్టుకున్నడు, గుర్తున్నదా? చాయ్ పెడ్తనంటే ఆగలే. గౌలిగూడల పనుందంట."

రాజమల్లు ఫోన్ పెట్టేశాడు. ప్రసన్నకుమార్ ఆయన ముఖం చూశాడు. బండి తాళాలు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"గౌలిగూడ," అన్నాడు రాజమల్లు.

"రోడ్డు ఖాళీగుంటే పది నిమిషాలు. దిగున్రి సార్, దిగుకుంట మాట్లాడున్రి."

మెట్లు దిగుతూ శశికళ నంబర్ కలిపాడు. నిన్న ఆమెను ఆ గదిలో వదిలిపెట్టేటప్పుడు తాను చెప్పిన మాట చెవుల్లో మోగుతున్నది. ఎవరు పిలిచినా పలకొద్దు. నా పేరు చెప్పినవాళ్లకే తలుపు తియ్యి. నిన్ను ఇక్కడ పెట్టింది నేనని బయట ఎవరికీ తెలవదు.

నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ఎత్తింది.

"సార్, మీకే చేద్దామనుకుంటున్న." శశికళ గొంతులో ధైర్యం ఉంది. నిన్నటి తరవాత మొదటిసారి ఆ గొంతు తేలికగా ఉంది. "మీరు పంపిన మనిషి వచ్చిండు. ఇంకో ఇద్దరున్నరు కింద, బండి మీద."

"అమ్మా, నేనెవరినీ పంపలేదు. తలుపు తియ్యకు. విన్నవా? తియ్యకు!"

అటువైపు నుంచి ఇనుప గడియ గోడకు తగిలి ఊగుతున్న చప్పుడు వచ్చింది. ఆమె గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

"మీ ఇంటి మనిషినే అన్నడు సార్. మీ పేరు చెప్పిండు గదా... తీసిన."